తాళము వేసి గొళ్ళెము మరచిన స్టెప్నీ



గత సంచికలో ఇంజను ఆయిలు మార్పిడిని గురించి ముచ్చటించుకున్నాము. అది చదివిన రవాణా విభాగపు మిత్రులొకరు క్యాంటీనులో మమ్ములను పట్టుకుని, "ఇంజను సంగతి సరే. దానిని ఎవరూ ఎత్తుకుపోవడము లేదు కదా! లారీ స్టెప్నీని కాపాడుకునే ఉపాయమేదైనా ఉంటే వ్రాయండి" అన్నారు. నవ్వుతూ అన్న మాటే గాని అందులో చాలా బాధ ఉన్నది. ఈ విషయములో మాకు పాఠము నేర్పిన ఊరు మాంగో. కనుక ఈ నెల ముచ్చట అక్కడి నుండే మొదలుపెట్టెదము.

సువర్ణరేఖకు ఆవలి ఒడ్డున

పేరు విని పిల్లలు మామిడితోటలను ఊహించుకోవచ్చును. జంషెడ్‌పూర్ నగరములోని సాక్చీ నుండి సువర్ణరేఖా నదిపై వంతెన దాటగానే వచ్చే ప్రాంతము మాంగో. రాంచీ నుండి బహరాగోడా వైపు సాగే జాతీయ రహదారి దానిని ఒరసుకుని పోతున్నది. పాత తరము డ్రైవర్లకు అది 33వ నంబరు రోడ్డు. 2010లో దేశములోని రహదారుల నంబర్లను మార్చినప్పుడు ఈ భాగము 18వ నంబరు అయినది. నగరములోనికి భారీ వాహనములను రానివ్వని వేళలు ఉంటాయి. ఆ వేళలలో లారీలు రహదారి అంచునే బారులు తీరి నిలబడతాయి.

నదికి ఈవలి ఒడ్డున 1912లో ఉక్కు పోత పోయడము మొదలైనది. 1945లో స్థాపితమైన టెల్కో సంస్థ మొదట రైలు ఇంజన్లను చేసి, 1954లో జర్మనీ దేశపు డైమ్లర్ బెంజ్ వారి సహకారముతో లారీల తయారీకి పూనుకున్నది. అనగా మన రోడ్లపై తిరిగిన లారీలలో ఎన్నింటికో అది పుట్టినిల్లు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి ఉపాధికై వెళ్ళి తరతరములుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబములూ చాలా ఉన్నవి. మా మేనమామ గారి కుటుంబము అటువంటిదే.

కొన్నేళ్ళ క్రితము ఒక శుభకార్యము నిమిత్తము వారింట మూడు రోజులున్నాము. చలికాలము. తెల్లవారుజామున మా బావతో కలిసి డిమ్నా రోడ్డు మీదుగా నడకకు బయలుదేరినాము. రహదారి చేరేసరికి, బారులు తీరిన లారీల నడుమ మన రాష్ట్రపు నంబరు పలక ఉన్న లారీ ఒకటి కనిపించినది. దాని ప్రక్కన యాభై ఏళ్ళ డ్రైవరు గొంతుక్కూర్చుని బండి క్రిందికి చూస్తున్నాడు.

"ఏమి తమ్ముడూ, బండి చెడిందా?" అని అడిగినాము.

తెలుగు మాట విని అతడు చప్పున లేచి నిలబడినాడు. "బండికేటీ అవలేదు బాబూ. రేతిరి స్టెప్నీ ఎత్తుకుపోనారు" అన్నాడు.

మేమూ వంగి చూచినాము. స్టెప్నీని మోసే చట్రమునకు అడ్డముగా ఒక ఇనుప కడ్డీ ఉన్నది. అతడు గట్టి గొలుసును చక్రపు రంధ్రములో నుండి తీసి, ఆ కడ్డీకి చుట్టి, మంచి తాళమే వేసినాడు. దొంగ తాళమును ముట్టుకోలేదు. కడ్డీకి ఒక కొసన ఉన్న రెండు నట్లను స్పానరుతో విప్పి, కడ్డీని ప్రక్కకు జరిపి, గొలుసును జార్చి, చక్రమును దొర్లించుకుపోయినాడు. టైరుతో పాటు గొలుసూ, తాళమూ కూడా పోయినవి. విప్పిన నట్లు రెండూ చాసిస్ పైననే ఉన్నవి. తాళపుచెవి మాత్రము డ్రైవరు మొలత్రాటికి భద్రముగా వ్రేలాడుతున్నది.

తాళము వేసి గొళ్ళెము మరువడమంటే ఇదేనని మాకు అనిపించినది. కాని నవ్వు రాలేదు. ఏమంటే అతడు అన్న తరువాతి మాట ఇది: "కరీదు జీతంలో కోసుకుంటే కోసుకుంటారు బాబూ. దారిలో నానే అమ్మీసినానంటే ఏటి సెప్పీది?"

మా బావ అతనిని వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళి, హిందీలో సంగతి వివరించినాడు. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, "టైరు నంబరు ఎంత?" అని. డ్రైవరు వద్ద లేదు. యజమానికి ఫోను చేస్తే ఆయన వద్దా లేదు. పోయినది ఫలానా టైరు అని చెప్పగల కాగితము లోకములో ఎక్కడా లేదు. దానితో ఫిర్యాదు బలము సగమైనది.

స్టెప్నీ అను పేరు వెనుక

ఇంతకూ ఈ మాట ఎక్కడిది? మోటారు వాహనములు వచ్చిన తొలి రోజులలో వాటికి అదనపు చక్రమే ఉండేది కాదు. గుర్రపు నాడాల మేకులు నిండిన రోడ్లపై పంక్చరు పడితే అక్కడే కూర్చుని బాగుచేసుకోవలసి వచ్చేది. 1904లో బ్రిటను లోని వేల్స్ ప్రాంతమునకు చెందిన లనెథ్లీ పట్టణములో డేవిస్ సోదరులు ఒక ఉపాయము కనిపెట్టినారు. ఆకులు లేని ఒక రిమ్ము, దానిపై గాలి నింపిన టైరు. గాలి పోయిన చక్రమునకే దానిని ప్రక్కన బిగించి ప్రయాణము సాగించవచ్చును. వారి పని జరిగిన వీధి పేరు స్టెప్నీ వీధి. ఆ పేరే సరుకుకు వచ్చినది. ఆ సరుకు ఏనాడో మాయమైనది గాని పేరు మన దేశములోనూ, మాల్టా ద్వీపములోనూ నేటికీ నిలిచి ఉన్నది. బ్రెజిల్ వారు సైతము అదనపు టైరును 'ఎస్తేపే' అంటారు.

నాటి స్టెప్నీని ఒక మనిషి చేత్తో ఎత్తగలిగేవాడు. నేటి లారీ స్టెప్నీ రిమ్ముతో కలిపి నూరు కిలోల ప్రాంతము ఉంటుంది. ఇక్కడనే చిక్కు మొదలవుతున్నది. అంత బరువును పైన ఎక్కడో పెడితే డ్రైవరు దించుకోలేడు. అందుచేత తయారీదారులు దానిని చాసిస్ వెనుక భాగములో క్రిందనో, ప్రక్కననో, నేలకు దగ్గరగా అమరుస్తారు. డ్రైవరు చేతికి అందేది దొంగ చేతికీ అందుతుంది. బ్యాటరీ, డీజిలు ట్యాంకులదీ ఇదే కథ. అయితే కొత్త టైరు ఖరీదు నేడు ఇరవై వేల రూపాయల ప్రాంతమున ఉన్నది. పైగా అది దొర్లుతుంది, అదే కొలత టైర్లున్న ఏ బండికైనా సరిపోతుంది, అడిగేవాడుండడు. దొంగకు ఇంతకన్న అనువైన సరుకు ఏమున్నది?

రెండు గడియారముల లెక్క

ఇంజనీరుగా మేము ఈ సమస్యను రెండు గడియారముల లెక్కగా చూస్తాము. మొదటి గడియారము దొంగది. ఒక స్పానరు, ఒక ఇనుపకోత కత్తెర చేతబట్టుకుని వచ్చినవాడికి స్టెప్నీ విప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండవది డ్రైవరుది. అర్ధరాత్రి, వానలో, బరువుతో నిలిచిన బండికి పంక్చరు పడితే, తాళపుచెవి ఉన్న మన మనిషికి ఎంతసేపు పడుతుంది? మొదటి కాలము పెరగవలెను, రెండవది పెరగకూడదు. ఈ రెండింటి నడుమ దూరమే రక్షణ. దొంగను శాశ్వతముగా ఆపగల తాళము లేదు. కాని రోడ్డు ప్రక్కన చప్పుడు చేస్తూ పావుగంట కూర్చునే ధైర్యము చాలామంది దొంగలకు ఉండదు.

ఇప్పుడు మన లారీల వద్దకు వెళ్ళి, దొంగ దృష్టితో ఒకసారి చుట్టి వత్తము.

మొదట చూడవలసినది తాళమును కాదు, గొళ్ళెమును. అనగా స్టెప్నీని మోసే చట్రము చాసిస్‌కు ఏ బోల్టులతో బిగించబడినదో చూడవలెను. అవి మామూలు స్పానరుతో విప్పగలిగేవైతే పైన ఎంత గొప్ప తాళము వేసినా వ్యర్థము. చట్రమును నెలనెలా విప్పవలసిన పని లేదు కనుక, నట్టు బిగించిన తరువాత బయటకు వచ్చిన బోల్టు కొసను సుత్తితో కొట్టి పుట్టగొడుగు వలె వెడల్పు చేయవచ్చును. బిగించగానే తల తెగిపోయే ప్రత్యేకమైన బోల్టులూ దొరుకుతున్నవి. నట్టును బోల్టుకు చిన్న వెల్డింగు చుక్కతో అతికించే పద్ధతి కూడా ఉన్నది. కాని ఒక హెచ్చరిక. చాసిస్ పొడవు దూలముల అంచులపై వెల్డింగు చేయడము గాని, కొత్త రంధ్రములు వేయడము గాని ఎన్నడూ తగదు. బరువు మోసేది ఆ అంచులే. అక్కడ పడిన చిన్న గాటు కొన్నాళ్ళకు పగులు అవుతుంది. వెల్డింగు చేసే ముందు బ్యాటరీ తీగలు విప్పడము కూడా మరువరాదు.

రెండవది గొలుసు. దానిని విప్పగలిగే కడ్డీకి చుట్టరాదు. చక్రపు రంధ్రములో నుండి తీసి చాసిస్ అడ్డదూలము చుట్టూ త్రిప్పవలెను. బ్రేకు గాలి గొట్టములు, విద్యుత్తు తీగలు దాని క్రింద నలగకుండా చూచుకోవలెను. గొలుసు వదులుగా ఉండరాదు. వదులు గొలుసును నేలకు ఆనించి, కత్తెర పిడిపై కాలు మోపి తెంపడము సులభము. బిగుతుగా, ఎత్తున ఉంటే కత్తెరకు పట్టు దొరకదు. మామూలు ఇనుప గొలుసు ఇటువంటి పనికి రాదు. గట్టిపరచిన ఉక్కు గొలుసే కొనవలెను. పాత ట్యూబు ముక్కను దానికి తొడిగితే చప్పుడూ ఉండదు, రాపిడీ ఉండదు.

మూడవది తాళము. కొంకి భాగము చాలవరకు లోపలికి దాగి ఉండే రకము మేలు. తాళపు రంధ్రము క్రిందికి ఉండేటట్లు వ్రేలాడదీస్తే నీరు నిలువదు. చక్రముల నుండి చిమ్మే బురద నేరుగా తగలకుండా రబ్బరు ముక్కను తెరగా కట్టవలెను.

కొన్ని బండ్లలో స్టెప్నీని చిన్న గేరు పెట్టెతో, ఇనుప తాడుతో పైకి లాగే ఏర్పాటు ఉంటుంది. పిడి పెట్టి త్రిప్పే రంధ్రమునకు తాళమున్న మూత పెట్టించుకుంటే దొంగ గడియారము కొంత ముందుకు జరుగుతుంది. అయితే ఆ తాడు తుప్పు పట్టినదో లేదో చూడనివాడికి అది తాళమున్నా ప్రమాదమే. నడుస్తున్న బండి నుండి స్టెప్నీ ఊడిపడితే వెనుక వచ్చే స్కూటరు వాని గతి ఏమిటి?

ఇక డ్రైవరు గడియారము. బురదలో రెండేళ్ళు ముట్టుకోని తాళము అవసరమైన రాత్రి తెరుచుకోదు. బండి అక్కడే నిలిచిపోతుంది. చీకటిలో ఆగి ఉన్న లారీని వెనుక నుండి మరొక వాహనము ఢీకొనడము మనము తరచుగా వినే విషాదమే. స్టెప్నీని కాపాడబోయి మనిషిని పోగొట్టుకోరాదు. కనుక నెలకొకసారి తాళము తీసి, స్టెప్నీని దించి, గాలి చూచి, మరలలకు గ్రీజు పూసి, తిరిగి ఎక్కించవలెను. గాలి లేని స్టెప్నీ ఉన్నా లేనట్టే. తాళపుచెవులు రెండింటిలో ఒకటి డ్రైవరు వద్ద, రెండవది చీటీ కట్టి ఆఫీసులోనో, యజమాని ఇంటనో ఉండవలెను. రెండూ ఒకే గుత్తిలో ఉంటే రెండు ఉన్నందువలన ప్రయోజనమేమి?

బండి నిలిపేటప్పుడు స్టెప్నీ ఉన్న వైపును గోడకు గాని, మరొక బండికి గాని దగ్గరగా ఉంచవలెను. అది వీలుకానిచోట దీపపు వెలుగు పడే వైపు ఉంచవలెను. కాపలా పేరుతో బండి క్రింద పడుకోవడము మాత్రము ఎవరూ చేయరాదు.

నూరు రూపాయల పుస్తకము

ఇంతవరకు ఇనుమును గురించి చెప్పుకున్నాము. ఇక కాగితమును గురించి. మా అభిప్రాయములో ఇదే ముఖ్యము.

ప్రతి టైరు ప్రక్కభాగమున తయారీదారు పోత పోసిన క్రమసంఖ్య ఉంటుంది. తయారీ కాలమును తెలిపే నాలుగు అంకెలు కూడా ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. ఒక నోటు పుస్తకములో బండికొక పుట కేటాయించి, స్టెప్నీతో సహా అన్ని టైర్ల సంఖ్యలనూ, కొన్న రశీదు వివరములనూ వ్రాసుకోవలెను. పంక్చరు పడి చక్రము మార్చినప్పుడు, ఏది స్టెప్నీగా వెళ్ళినదో ఆ రోజే వ్రాయవలెను. నేడు అందరి వద్దా కెమెరా ఉన్న ఫోనులు ఉన్నవి. ఒక ఫోటో తీయడానికి అర నిమిషము చాలును. కొందరు యజమానులు బండి నంబరును టైరు ప్రక్కభాగముపై కాల్చి ముద్ర వేయిస్తారు. అనుభవము ఉన్నవారి చేత పైపైన వేయిస్తే అది మంచి గుర్తు. లోతుగా కాలిస్తే టైరు చెడుతుంది.

బయలుదేరే ముందు డ్రైవరూ, అప్పగించేవారూ కలిసి స్టెప్నీని చూచి, పుస్తకములో ఇద్దరూ సంతకము చేయవలెను. దీనిని కొందరు డ్రైవరుపై అనుమానముగా భావిస్తారు. నిజము అందుకు విరుద్ధము. ఆ సంతకము డ్రైవరుకే రక్ష. ఏ టైరుతో బయలుదేరినాడో, తాళము ఎట్లా వేసినాడో, నష్టము ఎప్పుడు తెలిసినదో వ్రాతలో ఉంటే, "నీవే అమ్ముకున్నావు" అనే మాట అంత తేలికగా ఎవరి నోటా రాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కాని ఇంటి మనిషిని ఊరికే దొంగను చేయడము అంతకన్న పెద్ద పాపము.

చట్టము సైతము ఈ మాటే చెబుతున్నది. అప్పగించిన వస్తువు పోయినందుకు జీతములో కోత వేయాలంటే, ఆ నష్టము నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యము వలననే జరిగి ఉండవలెను. కోతకు ముందు అతనికి సంజాయిషీ చెప్పుకునే అవకాశము ఇవ్వవలెను. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టములో ఉన్న ఈ సూత్రమే 2019 నాటి వేతనముల స్మృతిలోనూ ఉన్నది. సొంత వాహనములు నడిపించే మన ఉద్యోగుల కుటుంబములు ఈ విషయమును గుర్తుంచుకోవలెను.

దొంగతనము జరిగితే ఏమి చేయవలెనో కూడా తెలుసుకుందము. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనము 303వ సెక్షను క్రిందికి వస్తుంది. దొంగసొత్తు అని తెలిసి కొనడము 317వ సెక్షను క్రింద నేరము. అదే రోజు అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినా మరొక ఠాణాలో ఫిర్యాదు ఇవ్వవచ్చును. లారీ వారికి ఇది గొప్ప వెసులుబాటు. మాంగోలో పోయినదో, ముందు ఆగిన ధాబా వద్దనే పోయినదో తెలియక రెండు వందల కిలోమీటర్లు వెనుకకు పోవలసిన పని లేదు.

బీమా మీద మాత్రము ఎక్కువ ఆశ పెట్టుకోరాదు. సరుకు రవాణా వాహనముల పాలసీలలో, బండి మొత్తము పోతే తప్ప ఉపకరణములు విడిగా దొంగిలించబడిన నష్టమును చెల్లించరన్న షరతు సాధారణముగా ఉంటుంది. మీ పాలసీని ఒకసారి తీసి చదవండి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, నష్టము జరిగిన తరువాత చదివి లాభము లేదు.

చివరగా గృహిణులకు, యువకులకు ఒక మాట. ఇంటి అవసరమునకు చిన్న సరుకు బండి కొన్నవారు చౌకగా వచ్చినదని రశీదు లేని టైరు కొనరాదు. ఆ చౌక వెనుక ఏ డ్రైవరు జీతపు కోత ఉన్నదో మనకు కనిపించదు.

మాంగోలో మేము చూచిన డ్రైవరు సంగతి చెప్పి ముగించెదము. కడ్డీ చివర మరలపై కొత్తగా మెరుస్తున్న గీతలను, స్పానరు పట్టు గుర్తులను ఫోటోలు తీసి, మేము చూచినది చూచినట్లు ఒక కాగితముపై వ్రాసి, సంతకము చేసి అతనికిచ్చినాము. యజమానితో ఫోనులోనూ మాట్లాడినాము. "మీరు పెద్దలు, చెబుతున్నారు గనుక సగమే కోస్తాను లెండి" అన్నాడాయన. మా కాగితము అతని జీతమును సగమే కాపాడినది. టైరు నంబరు వ్రాసిన పుస్తకము ఉండి ఉంటే మొత్తము కాపాడేదేమో.

ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దారి ముందున్నది. స్టెప్నీ లేని బండిని అతడు ఎక్కినాడు. ఎక్కే ముందు మొలత్రాటి నుండి ఆ తాళపుచెవిని విప్పినాడు. పారవేస్తాడనుకున్నాము. జేబులో వేసుకున్నాడు.

"ఎందుకు తమ్ముడూ?" అంటే, "ఓనరుకి సూపించాల బాబూ, తాళం ఏసినాననీ" అన్నాడు.

ఈ సంచిక చేరిన వారములోనే మీ బండి క్రిందికి ఒకసారి వంగి చూడండి. మీ అనుభవములను పత్రికకు వ్రాయండి. వచ్చే నెల టైర్లలో గాలి పీడనమును గురించి ముచ్చటించుకుందము.